తుపాకి దించిన తరువాత

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. కార్యదర్శి గారి కోరిక మీద సంచిక కోసం రాసి ఇచ్చినది.)



ప్రతి ఏడూ అడిగినట్టే ఈ ఏడూ కార్యదర్శి సాబు వచ్చి, "మాస్టరు సాబ్, తాలీం మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చదువు గురించి మేము చెప్పని మాట యేదీ మిగల్లేదు. విన్నవాళ్ళే మళ్ళీ వింటున్నారు, బడికి రానివాళ్ళు సభకూ రావడం లేదు. అందుచేత ఈసారి వేరే సంగతి ఎత్తుకుంటామని అనుమతి అడిగినాము. దానికి కారణం కూడా ముందే చెప్పేస్తాము.

పోయిన నెల మన కార్యవర్గంలో ఒక దరఖాస్తు మీద గంటసేపు వాదులాట జరిగింది. పేరు ఇక్కడ చెప్పము. ఎగువ జిల్లాల్లో ఒకప్పుడు ఒక పెద్ద మనిషి జీపు వెనక సీటులో కూర్చుని తిరిగినవాడు. ఆ సీటులో కూర్చునేవాళ్ళ ఒళ్ళో ఏముంటుందో సీమలో పుట్టినవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. కేసులు, కోర్టులు, జైలు అన్నీ అయినాయి. ఇప్పుడు ఇక్కడ అక్క ఇంట్లో ఉన్నాడు. వెల్డింగు పని నేర్చుకోవడానికి మన సంఘం ఇచ్చే సాయం కావాలని రాసుకున్నాడు.

"మన ఆడపిల్లలు కుట్టు నేర్చుకునే షెడ్డు అదే గదా, అటువంటి మనిషిని అందులోకి ఎట్లా రానిస్తాము?" అని ఒక భాయి అడిగినారు. "కడుపు మాడ్చుకుని నిజాయితీగా ఉన్న పిల్లలు పదిమంది ఉన్నారు. వాళ్ళను కాదని చెడ్డ దారి తొక్కి వచ్చినవానికి బహుమానం ఇస్తామా?" అని ఇంకొకరు అడిగినారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. నిర్ణయం వాయిదా పడింది. ఆ రోజు మేము అక్కడే ఉన్నాము, చేతిలో టీ గ్లాసు పట్టుకుని ఒక్క మాటా మాట్లాడలేదు. పైగా ఆ మనిషి అంతకు ముందు బాడుగ ఇంటి కోసం జామీను సంతకం అడిగితే "చూద్దాం లే భాయ్" అని తప్పించుకున్నది కూడా మేమే. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ రోజు చెప్పవలసింది. ఆలస్యంగా చెబుతున్నాము, క్షమించాలి.

ఆయుధం వదిలిన మనిషిని మళ్ళీ ఊళ్ళో కలుపుకోవడం అనేది ఇప్పుడు ప్రపంచంలో ఒక పెద్ద విద్యే అయిపోయింది. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలు పోయే చాలా దేశాల్లో దానికొక ప్రత్యేక విభాగం, దానికొక అధికారి ఉంటారు. వాళ్ళు దాన్ని మూడు మెట్లుగా చెబుతారు. మా పిల్లలకు తెలిసేట్టు చెప్పాలంటే తుపాకి దించడం, దండు విడవడం, ఇంటికి చేరడం. మొదటి మెట్టు ఒక రోజు పని. ఒక మైదానంలో డేరాలు వేస్తారు, వచ్చినవాని పేరు రాసుకుంటారు, తుపాకి పని చేస్తుందా లేదా అని చూస్తారు, చీటీ ఇస్తారు. రెండవ మెట్టు కొన్ని వారాలు. వైద్య పరీక్ష, తిండి, మామూలు బట్టలు, గుర్తింపు కార్డు, దారి ఖర్చు. మూడవది మాత్రం ఏండ్ల పని. డబ్బు ఎక్కువగా మొదటి రెండింటికే దొరుకుతుంది. ఫోటోలు కూడా అప్పుడే తీస్తారు. మూడవదాని దగ్గరికి వచ్చేసరికి డేరాలు ఎత్తేసి ఉంటారు.

దూరం పోయే ముందు మన సీమ కథే చూద్దాం.

1800 లో నిజాం ప్రభువు కడప, బళ్ళారి ప్రాంతాలను కుంపిణీ వాళ్ళకు ఇచ్చేసినాడు. వాటినే దత్తమండలాలు అన్నారు. అప్పటికి ఆ సీమలో సుమారు 80 మంది పాలెగాళ్ళు, వాళ్ళ కింద 30,000 మంది దాకా ఆయుధం పట్టిన బంట్లు ఉన్నారని లెక్క. కొత్త ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. తిరుమలలో మన్రో గంగాళం అని చెప్పుకుంటారు చూడండి, ఆ మన్రోనే. తిరగబడిన పాలెగాళ్ళ మీదికి జనరల్ క్యాంబెల్ సైన్యంతో పోయినాడు. కోటలు పడగొట్టినారు. కొందరికి పింఛన్లు కట్టినారు. మన వైపు, చిత్తూరు పడమటి పాళేలలో, పాకాల, కల్లూరు, పులిచెర్ల, మొగరాల, నరగంటి, బంగారి వంటి చోట్ల 1804లో లేచిన తిరుగుబాటును కూడా సైన్యంతోనే అణచినారు.

పాలెగాడు సరే, అతని సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ఆ 30,000 మంది ఏమైనారు? మాకు ఎప్పుడూ ఆ ప్రశ్నే వస్తుంది. కత్తి, బల్లెం, తుపాకి తప్ప వేరే పని తెలియనివాళ్ళు. వాళ్ళ తాతా అంతే, తండ్రీ అంతే. వాళ్ళలో చాలామందిని కట్టుబడి బంట్లు అనే పేరుతో ఊరి కావలికి ఉంచినారు. దానికి ప్రతిఫలంగా మాన్యం పొలాలు వాళ్ళ అనుభవంలో వదిలినారు. నెల జీతం కాదు, నేల. పగలు మడక, రాత్రి కావలి. ఊళ్ళను దోచినవాడే ఊరికి కాపలా అయినాడు. కుంపిణీ వాళ్ళు దయతో చేసినారని మేము అనము, వాళ్ళకు శిస్తు కావాలి, శిస్తుకు శాంతి కావాలి. అయినా పని మాత్రం తెలివైన పని. మనిషికి పొలం గట్టు ఒకటి ఉంటే, దాన్ని వదిలి కొండెక్కడానికి నాలుగు సార్లు ఆలోచిస్తాడు.

తరువాత జరిగిందే మనం గుర్తు పెట్టుకోవలసింది. ఒక తరం గడిచింది. శాంతి అలవాటైపోయింది. అలవాటైపోయేసరికి, ఈ మాన్యాలు ఎందుకు దండగ అనిపించింది దొరలకు. కట్టుబడివాడు చనిపోతే అతని మాన్యాన్ని కొడుక్కి ఇవ్వకుండా వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టినారు. రేనాటిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అని ఒక పాలెగాళ్ళ వంశీకుడు ఉన్నాడు. ఆయన్ను మా పిల్లలు 2019 లో వచ్చిన సినిమాలో చూసినారు. ఆయనకు నెలకు 11 రూపాయల చిల్లర పింఛను. బంధువుల పింఛను తనకు రావలసింది రాలేదని ఆయన కోపం, మాన్యం పోయిందని కట్టుబడి వాళ్ళ కోపం. రెండు కోపాలు 1846 లో కలిసినాయి. కోయిలకుంట్ల ఖజానా మీద పడినారు. 1847 ఫిబ్రవరి 22 న నరసింహారెడ్డిని ఉరి తీసినారు, తలను 1877 దాకా కోటగుమ్మానికి వేలాడదీసి ఉంచినారు.

ఆయన వీరుడా కాదా అనేది మా విషయం కాదు. మేము చూసేది ఆ వెంట నడిచిన కట్టుబడి వాళ్ళను. 1800 లో ఆయుధం దించినవాని మనవడు 1846 లో మళ్ళీ ఎత్తినాడు. ఎందుకు? మాట ఇచ్చినవాళ్ళు మాట తప్పినందుకు. ఇచ్చిన పొలం మనిషితో పాటే చచ్చిపోతుందని ఎవరూ అతని తాతకు చెప్పి ఉండరు.

ఇప్పుడు చెప్పేది కొంచెం చేదు. పెద్దలు కొందరు ఎందుకులే అనవచ్చు. గాయాన్ని కెలకాలని కాదు, మనది కాబట్టి చెప్పాలి.

1948 సెప్టెంబరు 13 న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వచ్చింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించినాడు. మరునాడు ఆయన సేనాపతి ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురి ముందు లొంగిపోయినాడు. పోలీసు చర్య అంటారు. దానికి ముందు ఖాసిం రజ్వీ రజాకార్లు చేసిన ఘోరాలు దాచిపెట్టవలసినవి కావు. బైరాన్‌పల్లి ఒక్క పేరు చాలు. ఆ ఘోరాలను వ్యతిరేకించి ఉర్దూలోనే రాసిన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లే చంపినారు. ఉర్దూ పంతులుగా ఆ పేరు మేము ప్రతి ఏడూ పిల్లలకు చెబుతాము. ఎవరి పేరున తుపాకి ఎత్తినారో వాళ్ళలోనే దాన్ని వద్దన్నవాళ్ళు ఉన్నారని పిల్లలకు తెలియాలి.

సరే, రజాకార్లను రద్దు చేసినారు, నిజాం సైన్యాన్ని రద్దు చేసినారు. ఆ తరువాత ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ గారు పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపినారు. చచ్చిపోయినవాళ్ళు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని వాళ్ళు అంచనా వేసినారు. ఆ నివేదిక చాలా ఏండ్లు బయటికి రాలేదు. 2013 లో గాని మామూలు పాఠకునికి అందలేదు. అందులో ఆయుధాల గురించి ఒక సంగతి ఉంది. ఆయుధాలు అప్పగించాలన్న ఉత్తర్వు అందరికీ ఒకటే, కాని అమలులో ముస్లింల దగ్గరవి మాత్రమే పూర్తిగా తీసుకున్నారు, ఎదుటివాళ్ళవి వాళ్ళ దగ్గరే ఉండిపోయినాయి. నిరాయుధీకరణలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు. రజాకారు ఎవడో, గుడ్డలు నేసుకునే సాయిబు ఎవడో చూసే కళ్ళు ఆ రోజుల్లో లేకపోయినాయి. తక్కెడలో ఒక తట్ట మాత్రమే ఖాళీ చేస్తే ఏమవుతుందో అంగడి పెట్టుకున్నవాళ్ళకు మేము చెప్పాలా?

అదే నివేదికలో మరొక సంగతి కూడా ఉంది. అది చెప్పకుండా ఇది చెప్పడం అన్యాయం. చాలాచోట్ల హిందువులు తమ ఇరుగుపొరుగు ముస్లింలను ప్రాణాలకు తెగించి కాపాడినారు. ముఖ్యంగా సాలెవాళ్ళు. తోటి ముస్లిం నేతగాళ్ళను కాపాడబోయి హిందూ నేతగాళ్ళు తాము ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకే పని చేసేవాళ్ళ మధ్య పుట్టే ముడి అటువంటిది. ఇది చదివినప్పుడు మాకు కళ్ళు చెమర్చినాయి. మన వెల్డింగు షెడ్డు గురించి ఆలోచన కూడా అక్కడే పుట్టింది.

మాకు ట్రైనింగులో ఉర్దూ చెప్పిన ఉస్తాదు ఒకరి తండ్రి నిజాం సైన్యంలో సవారు. 1948 తరువాత ఇంటికి వచ్చేసినాడు. చేతనైన పని గుర్రం ఎక్కడం, దాన్ని సాకడం. ఆయన చివరిదాకా గొడుగులు బాగుచేసి బతికినాడట. యూనిఫారం ఇత్తడి గుండీలు మాత్రం ఒక డబ్బాలో దాచుకుని, ఈద్ రోజు తీసి నిమ్మకాయతో తోమి మళ్ళీ డబ్బాలో పెట్టేవాడట. ఆయన ఎవరికీ కీడు చేయలేదు, ఎవరూ ఆయనను పిలిచి ఒక పని చూపించలేదు. ఉస్తాదు ఈ సంగతి నవ్వుతూ చెప్పేవారు, మేము నవ్వలేకపోయేవాళ్ళం.

అదే తెలంగాణలో రైతుల సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టులు 1951 అక్టోబరులో విరమించుకున్నారు. రావి నారాయణరెడ్డి గారు 1952 ఎన్నికలలో నల్లగొండ నుంచి నిలబడి, దేశంలో నెహ్రూ గారికంటే కూడా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు పోయినారు. నాయకునికి చట్టసభ తలుపు తెరుచుకుంది. మంచిదే. పెద్దవాళ్ళకు ఎప్పుడూ ఏదో ఒక తలుపు తెరుచుకుంటుంది, వెనక సీటులో కూర్చున్నవానికే తలుపు ఉండదు.

ఇక దూర దేశాలు. మన దేశం వాళ్ళు ఈ పనిలో ఎంత ముందున్నారో మనలో చాలామందికి తెలియదు.

1989 లో ఆఫ్రికాలో నమీబియా దేశానికి స్వాతంత్ర్యం వచ్చే ముందు శాంతిసేనకు నాయకత్వం వహించినది మన లెఫ్టినెంట్ జనరల్ దేవాన్ ప్రేమ్‌చంద్. అప్పటికి ఆయనకు డెబ్బై దాటినాయి. కాంగోలో, సైప్రస్‌లో పని చేసి వచ్చినవాడు. ఏప్రిల్ 1 న పని మొదలు, ఆ రోజే సరిహద్దులో కాల్పులు. కొద్ది రోజుల్లో మూడు వందల మందికి పైగా స్వాపో వాళ్ళు చచ్చిపోయినారు. అక్కడ దక్షిణాఫ్రికా వాళ్ళు పెంచిన ఒక దళం ఉండేది, పేరు కూవూట్. వాళ్ళ భాషలో గడ్డపార అని అర్థం. పేరుకు తగిన పనే చేసేది. దాన్ని రద్దు చేసినామని చెప్పి అందులోని మనుషులను తీసుకుపోయి పోలీసుల్లో కలిపినారు. చొక్కా మారింది, చేయి మారలేదు. పల్లెల్లో జనం మళ్ళీ భయపడినారు. శాంతిసేన గట్టిగా పట్టుబట్టిన మీదట ఆ ఏడు చివరికి గాని వాళ్ళను విడగొట్టలేదు. నమీబియా 1990 మార్చి 21 న స్వతంత్రమైంది.

సియెర్రా లియోన్ సంగతి ఇంకా కష్టం. 1991 నుంచి పదకొండేండ్లు యుద్ధం. జనం చేతులు నరికిన యుద్ధం. 1999 లో అక్కడికి పోయిన శాంతిసేనకు తొలి సేనాపతి మన మేజర్ జనరల్ విజయ్ జెట్లీ. 2000 మే 1 న మకేని అనే ఊళ్ళో నిరాయుధీకరణ శిబిరం దగ్గర గొడవ మొదలైంది. పదిమంది తిరుగుబాటుదారులు తమంతట తాము వచ్చి తుపాకులు అప్పగించినారు. వాళ్ళ నాయకులు వచ్చి మా మనుషులను మాకు ఇచ్చేయండి అన్నారు. శాంతిసేన ఇవ్వలేదు. దాంతో నిప్పు అంటుకుంది, సుమారు 500 మంది శాంతిసైనికులను బందీలుగా పట్టుకున్నారు. కైలాహున్‌లో మన గూర్ఖా దళాలను 75 రోజులు చుట్టుముట్టి ఉంచినారు. జూలైలో ఖుక్రీ అనే పేరుతో దాడి చేసి వాళ్ళను విడిపించుకున్నారు.

ఆ పదిమంది గురించి ఆలోచించండి. ఇన్ని వేలమంది సైనికుల గొడవ పదిమంది మామూలు కుర్రవాళ్ళ దగ్గర మొదలైంది. తుపాకి దించినవానికి మొదటి శత్రువు పోలీసు కాడు, పాత యజమాని. దించిన రోజు నుంచి అతన్ని వెనక్కి లాగే చేయి ఒకటి ఉంటుంది. ఈ పక్కన పట్టుకునే చేయి లేకపోతే ఆ చేయే గెలుస్తుంది. మన దరఖాస్తుదారుని సెల్లుకు కూడా ఎగువ నుంచి ఫోన్లు వస్తున్నాయని వాళ్ళ అక్క మా ఇంట్లో చెప్పుకుని ఏడ్చింది.

2002 జనవరికి అక్కడ 72,000 మందికి పైగా ఆయుధాలు దించినారు. అందులో సుమారు 6,800 మంది పిల్లలు. మా బడి వయసు పిల్లలు. వాళ్ళను బళ్ళలో చేర్చుకోమంటే మొదట తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, మన భాయి అడిగిన ప్రశ్నే అడిగినారు. మా పిల్లలు ఏ తప్పు చేయకుండా పుస్తకాలు లేక కూర్చున్నారు, వీళ్ళకు ఊరికే ఫీజులు కడతారా అని. అప్పుడు యూనిసెఫ్ వాళ్ళు ఒక దారి పట్టినారు. ఆ పిల్లవాని చేతిలో డబ్బు పెట్టలేదు. అటువంటి పిల్లలను చేర్చుకున్న బడికి, బడి మొత్తానికి ఉపయోగపడే పుస్తకాలు, సామాను ఇచ్చినారు. అప్పుడు ఆ పిల్లవాడు వస్తే తక్కిన పిల్లలకు కూడా పలక వస్తుంది. అతను బరువు కాదు, బరకత్ అయినాడు. పాతికేండ్లకు దగ్గరగా పలకలతో బతుకుతున్న పంతులుగా మాకు ఇది చాలా నచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురుది లైబీరియాలో జరిగింది. 2003 డిసెంబరులో శిబిరం తెరిచినారు. వెయ్యి మంది వస్తారనుకుంటే కొన్ని వేలమంది వచ్చి పడినారు. తుపాకి ఇస్తే 300 డాలర్లు, రెండు వాయిదాల్లో. డబ్బు ఇంకా చేతికి రాలేదని అల్లర్లు, కాల్పులు, ప్రాణాలు పోయినాయి. మూసేసి మళ్ళీ 2004 ఏప్రిల్‌లో మొదలుపెట్టినారు. చివరికి లెక్క చూస్తే లక్షకు పైగా మనుషులు, తుపాకులు మాత్రం 28,000. తుపాకి లేకున్నా 150 తూటాలు తెస్తే చాలునన్నారు గదా, తమ్ముళ్ళకూ బావమరుదులకూ తూటాలు పంచి పంపినవాళ్ళు ఉన్నారు. మన రేషను కార్డుల సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింత ఏమీ లేదు. కాగా, నిజంగా యుద్ధంలో ఈడ్చుకుపోబడిన ఆడపిల్లలు, వంట చేసినవాళ్ళు, బరువులు మోసినవాళ్ళు చాలామంది చేతిలో తుపాకి లేదు కాబట్టి లెక్కలోకే రాలేదు. ఆ దేశానికే 2007 లో మన దేశం నుంచి నూరు మందికి పైగా ఆడ పోలీసులు ఒక దళంగా పోయినారు, 2016 దాకా వంతుల మీద ఉన్నారు. రాత్రిపూట వీధుల్లో వాళ్ళు కాపలా తిరుగుతుంటే అక్కడి ఆడపిల్లలకు ధైర్యం వచ్చింది, పోలీసులో చేరడానికి ముందుకు వచ్చినారు. షెడ్డులో ఆడపిల్లల సంగతి అడిగిన భాయికి మా జవాబు ఇందులోనే ఉంది. భయపడే పిల్లల మాట ముందు వినాలి. కుట్టు పొద్దున, వెల్డింగు అసర్ తరువాత. తాళంచెవి కుట్టు నేర్పే ఆపా దగ్గర ఉండాలి, వెల్డింగు మాస్టరు దగ్గర కాదు.

మొజాంబిక్ అని ఇంకొక దేశం. 1995 లో అక్కడి క్రైస్తవ సంఘాల మండలి ఒక పని మొదలుపెట్టింది. తుపాకి తెచ్చి ఇస్తే కుట్టు మిషనో, సైకిలో, పారో, గుద్దలో ఇచ్చేవాళ్ళు. తుపాకులను ముక్కలు కోసి వాటితో కళాకారులు కుర్చీలు, బొమ్మలు చేసినారు. తుపాకులతో చేసిన ఒక సింహాసనం లండను బ్రిటిషు మ్యూజియంలో ఉంది. మన సంఘం కూడా కుట్టు మిషన్లే ఇస్తుంది. మన మిషన్లకు బదులుగా ఎవరూ తుపాకి తెచ్చి ఇవ్వలేదు, అంతే తేడా.

ఇది దూరపు కథ అనుకునేవాళ్ళకు మద్రాసు కథ ఒకటి చెబుతాము. కొరియా యుద్ధం ముగిసినాక ఇంటికి పోము అన్న ఖైదీలకు 1953లో కాపలా ఉన్నది మన సైన్యమే, ఆ సంఘానికి అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య. ఇటు పోము, అటు పోము అని భీష్మించిన ఎనభై పైచిలుకు మందిని 1954 ఫిబ్రవరిలో ఓడలో తెచ్చి మద్రాసు రేవులో దించినారు. ఇక్కడికి బస్సులో రెండు గంటలు. ఎక్కువమంది తరువాత బ్రెజిలు, అర్జెంటీనా వెళ్ళిపోయినారు, కొద్దిమంది మన దేశంలోనే ఉండిపోయి కోళ్ళ ఫారాలు పెట్టుకుని బతికినారు. మన మాట రానివాళ్ళు, మన దేవుడు తెలియనివాళ్ళు, వాళ్ళకు చోటు దొరికింది.

అలిపిరి మనకు ఇంకా దగ్గర. 2003 అక్టోబరు 1 న ముఖ్యమంత్రి మీద మందుపాతర పేలింది అక్కడే. మరుసటి ఏడు అక్టోబరులో హైదరాబాదులో నక్సలైట్లతో చర్చలు జరిగినాయి. ఎస్.ఆర్. శంకరన్ గారి వంటి పెద్దలు మధ్యలో నిలబడి రెండు వైపులా ఏండ్ల తరబడి తిరిగినందువల్ల గాని ఆ మాత్రం కూడా జరగలేదు. ముడి ఎక్కడ పడిందంటే ఆయుధాల దగ్గరే. ఆయుధాలతో ఊళ్ళలో తిరగరాదని ప్రభుత్వం, దానికి ఒప్పుకోమని వాళ్ళు. 2005 జనవరికి అంతా విరిగిపోయింది. లొంగిపోయినవాని తల మీద ప్రకటించిన డబ్బు అతనికే ఇవ్వడం అనే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. తన తలకు తానే ధర తీసుకోవడం వింతగా ఉన్నా, మంచి ఆలోచనే. 2025 అక్టోబరులో గడ్చిరోలిలో మల్లోజుల వేణుగోపాలరావు 60 మందితో కలిసి ఆయుధాలు అప్పగించిన ఫోటో పేపర్లో వచ్చింది. మేము ఆ ఫోటోలో వెనక వరుస ముఖాలు చూసినాము. వాళ్ళకు బాడుగ ఇల్లు ఎవరు ఇస్తారు, పెండ్లికి పిల్లను ఎవరు ఇస్తారు అని.

మక్కా విజయం నాటి క్షమాభిక్ష గురించి హజ్రత్ గారు జుమాలో చాలాసార్లు చెప్పినారు, మేము మళ్ళీ చెప్పము. ఒక్క సంగతి మాత్రం. ఆ రోజు తన ఇంటి తలుపు మూసుకుని కూర్చున్నవానికి కూడా అభయం ఇచ్చినారు. ఏ ప్రమాణమూ అడగలేదు, ఇంట్లో ఉంటే చాలు అన్నారు. అంటే ముందు మనిషికి ఇల్లు ఒకటి ఉండాలి.

ఇక మన శ్రీసిటీ. 2008 నుంచి సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల ముఖమే మారిపోయింది. షిఫ్టు బస్సులు వచ్చినప్పుడు మా బడి పిల్లలు పాఠం వదిలి కిటికీల్లోకి చూస్తారు. అక్కడ వెల్డరుకు ఎప్పుడూ పని ఉంది. అయితే చాలా గేట్ల దగ్గర పోలీసు వెరిఫికేషను కాగితం అడుగుతారు, అది మన మనిషికి రాదు. అది వాళ్ళ నిబంధన, మేము తప్పు పట్టము. కాని గేటు బయట గ్రిల్లులు, షట్టర్లు, ట్రాక్టరు ట్రాలీలు చేసే చిన్న షెడ్లు రోడ్డు పొడుగునా ఉన్నాయి. అక్కడ కాగితం అడగరు, చేయి చూస్తారు. ఆరు నెలలు నేర్చుకుంటే ఆ చేయి వస్తుంది.

కాబట్టి కార్యవర్గానికి మా విన్నపం ఇది. ఆ దరఖాస్తును ఒంటరిగా చూడవద్దు. అతనితో పాటు అదే షెడ్డులో, అదే మాస్టరు దగ్గర, భాయి చెప్పిన ఆ కడుపు మాడ్చుకున్న పిల్లల్లో ఇద్దరికి కూడా సాయం మంజూరు చేద్దాం. డబ్బు అతని చేతికి వద్దు, మాస్టరుకు నెల నెలా మన సంఘమే కడుతుంది. ఆరు నెలలైనాక చేతులు దులుపుకోకుండా, రెండేండ్ల పాటు నెలకొకసారి ఎవరో ఒకరు పోయి చూసి రావాలి. కట్టుబడి మాన్యం లాగా మధ్యలో లాక్కోరాదు. ఆ పోయి చూసే పని మేము చేస్తాము. బాడుగ ఇంటి జామీను మీద కూడా మొన్న సంతకం చేసినాము. ఇంటి యజమాని కాగితాన్ని రెండుసార్లు చదివి, మమ్మల్ని మూడుసార్లు చూసినాడు.

సాయం దరఖాస్తు మీద ఇద్దరు సభ్యుల జామీను కావాలని మన నియమావళిలో ఉంది. ఒక సంతకం మాది. రెండవ గీత ఖాళీగా ఉంది. ఆ కాగితం కార్యదర్శి సాబు బల్ల మీద, ఆకుపచ్చ ఫైలు కింద ఉంది. మిఠాయిలు పంచేటప్పుడు ఆ పక్కగా పోయేవాళ్ళు ఒకసారి చూడండి.